స్తంభం చాటు బ్యాచి

— చిన్నతాతా, ఇరవై ప్రశ్నలు అయిపోయినయ్. నీది వినే రకం అని ఫోన్ల వచ్చింది, చూడు. నువ్వు అమీర్‌పేటల పాఠం చెప్పిన రోజులల్ల సుత గిట్లనే చూసే బ్యాచి, వినే బ్యాచి, చేసే బ్యాచి అని పంచిండ్రంట కదా? నానమ్మ చెప్పింది. జర ఆ ముచ్చట చెప్పు. రికార్డు పెడుతున్న.

పెట్టు బిడ్డా, పెట్టు. వినే రకమా నేను? మస్తు సంతోషం. అరవై తొమ్మిదేండ్లు వచ్చినయ్, నేనేం రకమో మీ చిన్ననానమ్మకు సుత సమజ్ కాలే, నీ ఫోను నాలుగు నిమిషాలల్ల తేల్చేసింది. ఆమె ఉంటే కడుపు పట్టుకోని నవ్వుతుండె. "ఈయననా? వినే రకమా? పెండ్లైన కాడి నుంచి నేను చెప్పింది ఒక్క మాటన్న విన్నడా?" అంటుండె.

మీ నానమ్మ నీకు సగమే చెప్పి ఉంటది. ఆమెకు తెలిసింది గంతే. మిగిలిన సగం నేనెవ్వరికీ చెప్పలే. ఎందుకంటే, అందుల తప్పు నాది సుత ఉన్నది. ఇప్పుడెందుకు చెప్తున్న అంటే, నువ్వు శ్రీనగర్ కాలనీల హాలు కిరాయికి తీసుకున్నవ్, వచ్చే ఆదివారం సంది క్లాసులంటున్నవ్, నలభై రెండు మంది పేర్లు రాసుకున్నవ్. మంచిదే. వాళ్లను గీ ఫోను తోని మూడు కుప్పలు పోస్తనంటున్నవ్. గందుకే.

ఎక్కడ సంది మొదలువెట్టాలె... మైత్రీవనం ఎనుక గల్లీ ఉంటది కదా, గోడలు కనపడవు, బ్యానర్లే కనపడ్తయ్, గా గల్లీ. కింద నడుస్తుంటే నలుగురు ఉరికొచ్చి చేతుల కాయితాలు పెడ్తరు, గా కోర్సు, గీ కోర్సు అని. మొన్న మందులకని పోతుంటే నాకు సుత ఒకడు పెట్టిండు. "అంకుల్, మీరు ఫ్రెషరా?" అన్నడు. అవునురా నాయనా, నిన్ననే కాలేజీ నుంచి బయటకొచ్చిన అన్న. ఆడు నవ్వలే. "అయితే డెమో క్లాసుకు రండి అంకుల్, ఫ్రీ" అన్నడు.

నేను మొదలువెట్టిన నాడు చాయ్ రూపాయిన్నర. కాదు, కాదు, రూపాయి పావలా. రూపాయిన్నర అయింది మీ నాయిన పదో తరగతికి వచ్చినంక. సరే, చాయ్ ముచ్చట పక్కకు పెట్టు. అప్పుడు కంప్యూటర్లని ఇన్ని లేకుండె. నేను ముందు లెక్కలు చెప్పిన, తర్వాత కంప్యూటర్ నేర్చుకోని అది చెప్పిన. నేను ఎట్ల నేర్చుకున్న? రాత్రీ పగలూ దాని ముందట కూసోని, తప్పులు కొట్టి కొట్టి. నాకెవ్వరూ రకం చెప్పలే.

మా హాలు మూడో అంతస్తుల ఉండె. అంతకు ముందు అది పెండ్లి భోజనాల హాలంట. ఎండకాలం వస్తే గోడల నుంచి సాంబారు వాసన వస్తుండె. నూట పన్నెండు కుర్చీలు. నడుమల ఒక స్తంభం. గట్లాంటి స్తంభం నువ్వు చూసుండవ్ బిడ్డా. ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకుంటే గాని అందదు. ఈ ముచ్చట జరిగిన ఏండ్లలనే బయట మెట్రో స్తంభాలు లేస్తుండె, రోడ్డంత తవ్వి పెట్టిండ్రు. మా పిలగాళ్లు అంటుండె, "సార్, బయటి స్తంభం మీద రైలన్న వస్తది, లోపలి స్తంభం మీద ఏమొస్తది?" అని.

ఇగ గా హాలుల సీటు పట్టుడు ఎట్లంటే, నోటుబుక్కు. క్లాసు ఆరింటికి. మూడింటి సంది ముందు కుర్చీల మీద నోటుబుక్కులు పడుతుండె. ఒక్కడు వచ్చి ఐదు పెట్టి పోతుండె, వాని దోస్తులకని. మనిషి ఒక్కడు ఉండడు, నోటుబుక్కులు మాత్రం బుద్ధిగా వరుసల కూసోని ఉంటయ్. మీద చెయ్యి వేసినవా, కొట్లాట. ఒకసారి ఇద్దరు పిలగాళ్లు అంగీలు చింపుకున్నరు. గప్పటి నుంచి కుర్చీలకు తెల్ల రంగు తోని నంబర్లు వేయించినం. కొట్లాట ఆగలే, నంబరు పెట్టి కొట్లాడిండ్రు.

ఎడమ దిక్కు గోడకు ప్లగ్గులు ఉండె. సొంత లాప్‌టాప్ ఉన్నోళ్లంత గా గోడకు అంటుకోని కూసుంటుండె, చార్జింగుకు. ముందేమో నోటుబుక్కోళ్లు. ఇగ ఆలస్యంగ వచ్చినోళ్లు, ఎక్కడెక్కడనో కొలువు చేసుకోని ఉరుక్కుంట వచ్చేటోళ్లు, వాళ్లకు మిగిలేది ఏంది? స్తంభం ఎనుక. గది యాదిల పెట్టుకో. నేను అప్పుడు పెట్టుకోలే.

గా స్తంభం ఎనుక ఒకామె కూసుంటుండె, రిజ్వానా అని. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది ఉంటయ్. పంజాగుట్టల ఒక దవాఖానల బిల్లు కౌంటర్ల పనిచేసేది. ఐదుం ముప్పావుకు డ్యూటీ దిగి, గా తవ్విన రోడ్ల పడి వచ్చేవరకు ఆరు దాటి పది నిమిషాలు. రోజూ. ఒక్క నాడు సుత ఆమెకు ముందు కుర్చీ దొరకలే. తండ్రి లేడు, తల్లికి మోకాళ్లు పనిచెయ్యవు, ఇద్దరు తమ్ముళ్లు చదువుతున్నరు. ఇల్లు ఈమె జీతం మీదనే నడుస్తుండె.

గప్పుడు దవాఖానోళ్లు ఏం చెప్పిండ్రంటే, రెండు నెలలల్ల కౌంటర్లు బంద్ చేసి మిషిన్లు పెడ్తం అన్నరు. కౌంటర్ల తొమ్మిది మంది ఉన్నరు. వాళ్ల కంప్యూటర్ డిపార్ట్‌మెంటుల రెండే జాగలు. తొమ్మిది మందికీ పరీక్ష పెడ్తం, ఇద్దరిని ఉంచుకుంటం, ఏడుగురు ఇంటికి పోవుడే అన్నరు. గా పరీక్షల ఏముంటది? మేం చెప్పేదే. దవాఖాన లెక్కలన్ని కంప్యూటర్ల పట్టికలు పట్టికలుగ ఉంటయ్ కదా, అందుల నుంచి నీకు కావల్సింది బయటకు తీయనీకి ఆర్డర్లు రాయాలె. గది నేర్చుకోనీకే ఆమె వచ్చింది. ఉన్నది ఒక్క పరీక్ష. రెండోసారి లేదు.

గప్పుడే మా ఓనరు శేఖర్‌బాబు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన గుంటూరు దిక్కు మనిషి, మంచోడే, కని ఎదురు బిల్డింగుల ఏ బ్యానర్ లేస్తే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఎదురోడు "వ్యక్తిగత శ్రద్ధ" అని రాసిండు. ఇగ ఈయన బంజారా హిల్స్ నుంచి ఒక కన్సల్టెంట్ మేడంను పట్టుకొచ్చిండు. ఆమె మూడు పెద్ద బొమ్మలు తెచ్చింది. ఒకటి కన్ను, ఒకటి చెవి, ఒకటి చెయ్యి. "మనుషులు మూడు రకాలు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు. ఎవరి రకానికి తగ్గ పాఠం వాళ్లకి చెప్పాలి" అన్నది. మేం పది మందిమి సార్లం చాయ్ తాక్కుంట విన్నం. నేను అడిగిన, "మేడం, వంట?" "అంటే?" అన్నది. "వంట ఏ రకపోళ్లు నేర్చుకుంటరు?" అన్న. ఆమె నవ్వి, "మీరు చేసే రకం అనుకుంటాను సార్" అన్నది. నాకు వంట రాదు.

మీ చిన్ననానమ్మ మా ఇంటికి వచ్చినంక మా అమ్మ తాన సకినాలు చుట్టుడు నేర్చుకున్నది. ఎట్ల నేర్చుకున్నది? మా అమ్మ వేళ్ల దిక్కు చూసింది, మా అమ్మ తిట్లు విన్నది, తనే చుట్టి ఇరగ్గొట్టింది. కన్ను, చెవి, చెయ్యి, మూడూ ఒక్క పిండి కాడనే. ఒక్కటి తీసేస్తే సకినం రాదు. తిట్లు తీసేసినా వస్తుండెనేమో, కని మా అమ్మ తీసెయ్యలే.

ఇగ మేడం ఇరవై ప్రశ్నల కాయితం తెచ్చింది. నీ ఫోన్ల ఉన్నట్టే. పైన పేరు, ఫోన్ నంబరు, కుర్చీ నంబరు. కింద ప్రశ్నలు. "క్లాసులో మీకు ఎక్కువగా గుర్తుండేది ఏది? బోర్డు మీద చూసింది, సార్ నోట విన్నది, స్వయంగా చేసింది." గిసొంటియే, తిప్పి తిప్పి ఇరవై. క్లాసు మొదలైన పదో రోజు అందరికీ పంచినం, ఎవరి కుర్చీల వాళ్లు కూసోని రాసిండ్రు. టిక్కులు లెక్కవెట్టింది నేనే. లెక్కలంటే నాకు మస్తు హుషారు కదా, ఒక్క పూటల తేల్చేసిన. మూడు లిస్టులు, ఎంత మంచిగ వచ్చినయో! చూసే రకం నలభై తొమ్మిది, వినే రకం ముప్పై నాలుగు, చేసే రకం ఇరవై తొమ్మిది.

— నూట పన్నెండు. సరిపోయింది.

సరిపోయింది బిడ్డా, లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే ఇగ ఫికర్ ఏముంటది అనుకున్న. నాకు "మాస్టర్ ట్రైనర్" అని సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. ఫ్రేము కట్టించిన. గా గోడకు మేకు ఉన్నది చూడు, ఖాళీగ? గదే.

ఐదింటికి చూసే బ్యాచి, ఆరింటికి వినే బ్యాచి, ఏడింటికి చేసే బ్యాచి. చూసేటోళ్లకు రంగు పెన్నులు, తెర మీద బొమ్మలు. చేసేటోళ్లకు ఆటలు. రెండు పట్టికలను కలుపుడు నేర్పనీకి మేడం ఏం చేసిందంటే, ఒక వరుసల నిలబడ్డోళ్లు పేషెంట్లు, ఎదురు వరుసల నిలబడ్డోళ్లు వార్డులు అన్నది. పేషెంటు పోయి వాని వార్డు చెయ్యి పట్టుకోవాలె. తెల్వక అబ్బాయిలను ఒక దిక్కు, అమ్మాయిలను ఒక దిక్కు నిలబెట్టింది. ఇగ చూస్కో. ఒక పిలగాడు నాలుగో వార్డుకు పోవాల్సినోడు రెండో వార్డు కాడనే నిలబడ్డడు. "పోరా నీ వార్డుకు" అంటే, "నాకింకా తగ్గలే సార్, డిశ్చార్జ్ చెయ్యకుండ్రి" అంటడు. ఆ పిల్ల నోటుబుక్కు తోని నెత్తి మీద ఒక్కటిచ్చింది. గప్పుడు తగ్గింది.

వినే బ్యాచికి ఏంది? బోర్డుకు పరదా. నిజంగ పరదా బిడ్డా, నీలం రంగుది. కండ్ల ముందట ఏదన్న ఉంటే చెవి పనిచెయ్యదంట. సగం లైట్లు బంద్. నేను నిలబడి ఆర్డర్లు నోటితోని చదవాలె. ఫలానా పట్టిక నుంచి, కామా, ఫలానా గడి, కామా, బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ బంద్... రైల్వే స్టేషన్ల బండ్ల పేర్లు చదివినట్టు. మొదటి వారంలనే ఆరుగురు నిద్రపోయిండ్రు. మేడం ఎనుక నిలబడి చూసి డైరీల రాసుకున్నది: "కళ్లు మూసుకుని ఏకాగ్రతతో వింటున్నారు." ఒకడు గురక పెట్టిండు. అది రాసుకున్నదో లేదో నాకు తెల్వదు.

రిజ్వానా వినే బ్యాచిల పడ్డది. రెండో రోజే నా తానకు వచ్చింది.

"సార్, నన్ను ఐదింటి బ్యాచిల వెయ్యుండ్రి. డ్యూటీల ఎట్లనో అడుక్కుంట."

"ఎందుకమ్మా?"

"నాకు బోర్డు కావాలె సార్. పరీక్షల తెర ముందట కూసోబెడ్తరు. ఎవ్వరూ పాడి వినిపియ్యరు."

నేను నా లిస్టు తీసిన. "రిజ్వానా, నీ కాయితంల పద్నాలుగు టిక్కులు చెవి దిక్కే ఉన్నయ్."

"గా టిక్కులు పెట్టింది నేనే కదా సార్. నేనే చెప్తున్న కదా."

గప్పుడు నేనేమన్ననో తెలుసా? "నీకు తెల్వదమ్మా. కాయితానికి తెలుస్తది" అన్న. ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పినోన్ని. ఎదురుంగ మనిషి నిలబడి నోరు తెరిచి చెప్తుంటే, కాయితం దిక్కు చూసిన.

ఆమె "అచ్ఛా సార్" అని పోయి పరదా ముందట కూసున్నది.

మూడు వారాలు పోయినయ్. మేం ఒక పరీక్ష పెట్టినం. ఆమెకు ఇరవైకి నాలుగు. ఆమె ఒక్కతే కాదు, వినే బ్యాచంత గంతే. ముప్పై నాలుగు మందిల అప్పటికే పదకొండు మంది రావుడు బంద్ చేసిండ్రు. శేఖర్‌బాబు గారు మేడంను అడిగితే ఆమె ఏమన్నదంటే, "వీళ్లకి వినే మోతాదు సరిపోలేదు. ఇంకో అరగంట ఎక్కువ వినిపించండి" అన్నది. దగ్గు మందు లెక్క.

ఆ సాయంత్రం కింద చాయ్ కొట్టు కాడ నేను నిలబడ్డ. రిజ్వానా వచ్చింది. చేతుల గా నాలుగు మార్కుల కాయితం, మడతలు పెట్టి పెట్టి చిన్నగ చేసింది.

"సార్, ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నది నా పరీక్ష. నేను మిమ్మల్ని ఏం మార్చమంట లేను. ఒక్కటే అడుగుత. గా టిక్కుల కాయితం రాసిన రోజు నేనెక్కడ కూసున్న?"

"నాకెట్ల యాదుంటదమ్మా, నూట పన్నెండు మంది..."

"నాకు యాదుంది. తొంభై ఏడో నంబరు. స్తంభం ఎనుక. పది రోజులు నేను మీ మొఖం చూడలే సార్. బోర్డు చూడలే. మీ గొంతే విన్న. ఇగ మీ కాయితం అడిగింది, నీకేది గుర్తుంటది అని. ఏమని రాయాలె? స్తంభం గుర్తుంటది అని రాద్దునా? గా గడి లేకుండె."

చాయ్ గిలాస చేతుల ఉన్నది, తాగలే. పైసలు ఇచ్చి మెట్లెక్కిన. గా రోజు లిఫ్టు సుత పనిచెయ్యలే, మూడు అంతస్తులు. బీరువాలకెళ్లి నూట పన్నెండు కాయితాలు తీసిన. హాలు ఖాళీగ ఉండె. ఒక్కొక్క కాయితం, దాని మీద కుర్చీ నంబరు చూసుకుంట, ఆ కుర్చీల పెట్టుకుంట పోయిన. కన్ను కాయితాలు, చెవి కాయితాలు, చెయ్యి కాయితాలు. పెట్టి ముందటికి వచ్చి నిలబడి చూసిన.

ఏం చెప్పాలె బిడ్డా. ముందటంత కన్ను. ప్లగ్గుల గోడ పొడుగూత చెయ్యి. స్తంభం ఎనుక, చెవి. ఎవరో కూసోని సర్దినట్టు. ముప్పై నాలుగు చెవులల్ల ముప్పై ఒకటి స్తంభం చాటునే ఉన్నయ్. మిగిలిన మూడిట్ల రెండు, ట్యూబులైటు వెలుగు బోర్డు మీద పడి మెరిసే మూలన ఉన్నయ్. ఒక్కటంటే ఒక్కటి ముందు వరుస నడుమల ఉన్నది. వాడు నిజంగ వినే రకమే అయ్యుంటడు. పాపం మేడంకు ఒక్కడన్న దొరికిండు.

— ముప్పై నాలుగుల ముప్పై ఒకటి అంటే తొంభై ఒక శాతం.

చప్పున చేసినవ్ లెక్క. మేము సుత చప్పుననే చేసినం బిడ్డా. గదే తిప్పలు.

గప్పుడే శేఖర్‌బాబు గారు వచ్చిండు. "ఏంటండీ యాదగిరి గారూ, కుర్చీలకి క్వశ్చన్ పేపర్లు పెట్టారు?" అన్నడు. నేను చూపించిన. మనం మనుషుల రకం పట్టలేదు సార్, కుర్చీల రకం పట్టినం అన్న. ఆయన హాలంత ఒకసారి చూసిండు. మొఖం వెలిగిపోయింది. నేననుకున్న, సమజ్ అయింది ఈయనకు అని.

"అద్భుతం అండీ! మేడం చెప్పింది అక్షరాలా నిజం. వినే రకం వాళ్లకి బోర్డుతో పని లేదు కాబట్టే, వెతుక్కుని మరీ స్తంభం వెనక కూర్చున్నారు. చూశారా, మనిషి తత్వం ఎలా బయటపడుతుందో!"

నేను ఆయన దిక్కు చూసిన. ఎగతాళి చేస్తున్నడా అని. లేదు. మనస్ఫూర్తిగ అంటున్నడు.

"సార్, వాళ్లు ఎతుక్కోని కూసోలే. ఆలస్యంగ వచ్చిండ్రు, గదొక్కటే మిగిలింది."

"ఆలస్యంగా రావడం కూడా ఒక తత్వమే కదండీ" అన్నడు.

ఇగ ఏం మాట్లాడ్తవ్ గాయన తోని? మరునాడు ఆరింటికి నేను వినే బ్యాచిలకు పోయి పరదా గుంజేసిన. లైట్లన్ని ఏసిన. నూట పన్నెండు కుర్చీల హాలుల ఇరవై మూడు మంది, స్తంభం ఎనుక ఎవ్వరూ కూసోవల్సిన పనే లేదు. మూడు వారాల సంది సుత లేకుండె! పరదా ఒక్కటే అడ్డం. కాయితాల మీద ఫోన్ నంబర్లు ఉండె కదా, రావుడు బంద్ చేసిన పదకొండు మందికీ ఫోన్ చేసిన. నలుగురు వచ్చిండ్రు. ఏడుగురు రాలే. ఒక పిలగాడు అన్నడు, "వద్దు సార్, నాకు చదువు వంటబట్టదు. అందరు వింటుంటే నాకొక్కనికే సమజ్ కాలే" అని. అరే, అందరికీ సమజ్ కాలేరా, అక్కడ సమజ్ అయ్యేటిది ఏం లేకుండెరా అన్న. వాడు నమ్మలే. తప్పు నాదంటే సార్ మర్యాదకు అంటున్నడు అనుకున్నడు.

రిజ్వానా తోని గా పద్దెనిమిది రోజులు నేను బొమ్మలు గీయలే, పాటలు పాడలే. ఆమెను అడిగిన, "నీకు కండ్లు మూసుకున్నా తెలిసింది ఏంది?" అని. "దవాఖాన సార్. ఏ వార్డుల ఎన్ని మంచాలు, ఏ డాక్టర్ ఎప్పుడు వస్తడు, ఏ కాయితం లేకపోతే బిల్లు ఆగుతది, అన్ని తెలుసు" అన్నది. ఇగ గవ్వే పట్టికలు చేసినం. నిన్న చేరినోళ్లల్ల ఇంకా డాక్టర్ చూడనోళ్లు ఎవరు, తియ్యి. మూడో వార్డుల ఖాళీ మంచాలు ఎన్ని, తియ్యి. బోర్డు మీద రాసి చూపిస్త, నోటితోని చెప్పిస్త, ఆమె చేతులతోనే కొట్టిస్త. తప్పు వస్తే మా అమ్మ లెక్క తిడ్త. వారం తిరిగే వరకు ఆమె నన్ను దిద్దుడు మొదలువెట్టింది. "సార్, డిశ్చార్జ్ అయినోన్ని సుత మీరు మంచం మీదనే పండుకోబెట్టిండ్రు. మా దవాఖానల గట్ల కాదు" అని.

ఆమె తోని పాటు మిగిలినోళ్లకు సుత గట్లనే చేసిన. ఒకడు మెకానిక్ షెడ్డుల చేసేటోడు, వానికి బండ్లు, స్పేర్ పార్టులు. ఒకామె చర్చిల పాటల గుంపు నడిపేది, పేరు గ్రేస్. ఆమెకు పాటలు, పాడేటోళ్లు. మనిషికి తెలిసిన దాని పక్కన తెలవనిది పెట్టుడే. మనుషులందరు ఒక్క తీరే ఉంటరని నేనంటలేను బిడ్డా. కని వాళ్ల తేడా కంట్ల, చెవుల లేదు. ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఎక్కడ ఆగిండ్రు, అందుల ఉన్నది. గది ఇరవై టిక్కులల్ల రాదు. పక్కన కూసోని అడగాలె. టైం పడ్తది.

వారం అయినంక నాకు కొంటె బుద్ధి పుట్టింది. గవ్వే ఇరవై ప్రశ్నలు మళ్ల పంచిన. ఇరవై ఏడు మందిల ఇరవై ఐదు మంది చూసే రకం అయిపోయిండ్రు. కాయితాలు తీస్కపోయి శేఖర్‌బాబు గారి బల్ల మీద పెట్టిన. ఇప్పుడేమంటవ్ అన్నట్టు చూసిన.

నాలుగు రోజులకు గల్లీల కొత్త ఫ్లెక్సీ లేసింది. "ఏడు రోజుల్లో వినే విద్యార్థిని చూసే విద్యార్థిగా మార్చగల ఏకైక సంస్థ." కింద నా ఫోటో. మాస్టర్ ట్రైనర్.

నవ్వకు. నేను ఆ ఫ్లెక్సీ కింద నుంచే ఎనిమిది నెలలు నడిచిన. తియ్యమని అనలే. నాకు సుత కొలువు కావాలె. ప్రతి కొత్త బ్యాచికి కాయితాలు పంచిన, లిస్టులు చేసిన, సప్పుడు చెయ్యకుంట పోయి పరదా తీసిన. గంతే నా ధైర్యం.

పరీక్ష రోజు రిజ్వానా ఫోన్ చెయ్యలే. నేను చెయ్యలే, భయం. మూడో రోజు ఆరింటికి క్లాసు చెప్తుంటే వచ్చింది, ఎప్పటి లెక్కనే పది నిమిషాలు ఆలస్యంగ. నా తానకు రాలే. సీదా పోయి స్తంభం ముందట నిలబడ్డది. చెయ్యి లేపి, "సలాం ఉస్తాద్" అన్నది దానికి. గప్పుడు నా దిక్కు తిరిగి, "రెండో జాగ నాది సార్" అన్నది. తొమ్మిది మందిల రెండోది. ఆఖరుది. ఇంకో వారం గా పరదా ఉండి ఉంటే? గా రోజు చాయ్ కొట్టు కాడ ఆమె గా ఒక్క ముచ్చట అడగకపోయి ఉంటే?

ఆమె అడిగింది. రాని ఏడుగురు అడగలే. వాళ్లు ఇప్పటికీ తమకే చదువు రాదనుకుంటున్నరు. ఎక్కడున్నరో... ఒకన్ని ఈ నడుమ ఎస్సార్‌నగర్ కాడ చూసినట్టే అనిపించింది. హెల్మెట్ పెట్టుకున్నడు. పిలవలే.

ఇగో, నీ ముచ్చటకు వద్దాం. ఆదివారం కంటే ముందు గా హాలుకు పోయి, ఒక్కొక్క కుర్చీల నువ్వు కూసో. నలభై రెండు కుర్చీలల్ల. ఎక్కడ సంది ఏం కనపడ్తది, ఏం ఇనపడ్తది చూస్కో. అయినంక ఫోను తియ్యి. ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? నేను నీ ఫోన్ పారెయ్యమంట లేను. మస్తు కష్టపడి చేసినవ్, తెలుసు. మంచిగుండాలె నువ్వు. నీ తాన కూసున్నోళ్లు నీకంటే పైకి పోవాలె, నిన్ను దిద్దాలె. గదే నా దీవెన. మాస్టర్ ట్రైనర్ దీవెన.

ఇంకొక్కటి. నీ ఫోను నన్ను వినే రకం అన్నది కదా? ఎందుకన్నదో నీకు తెల్వదా? ఇరవై ప్రశ్నలు నువ్వు చదువుతుంటే నేను విన్న. "చదివితే గుర్తుంటదా, వింటే గుర్తుంటదా?" అన్నవ్. వింటేనే అన్న. మరేమంట? పొద్దుగాల సంది కండ్లద్దాలు కనపడ్తలేవు, నాకు ఒక్క అక్షరం సుత కనపడ్తలేదు. ఫ్రిజ్జు మీద పెట్టిన్నో, దేవుని అర్రల పెట్టిన్నో... జర చూడు బిడ్డా. దొరికినయా? ఫ్రిజ్జు మీదనేనా? ఇగ ఇయ్యి.

ఆఁ, ఇప్పుడు అడుగు. మొదటి ప్రశ్న నుంచి.